అత్తయ్య మిషన్, అల్లుడి హెచ్చరికలు

అల్లుడిది మిషన్లకు పుస్తకాలు రాసే ఉద్యోగం. కొత్త మిక్సీ కొంటే అట్టపెట్టె అడుగున ఒక పుస్తకం ఉంటుందే, మనమెవరం తెరిచి చూడకుండా పాత పేపర్లలో పడేస్తామే, అదిగో, అవి రాసేది ఇలాంటి మహానుభావులే. ఎవరూ చదవరని తెలిసినా పాపం ఒక్కో వాక్యం మీదా ప్రాణం పెట్టేవాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పేదీ అతనే. “చదివేదెవరు? ఎందుకు చదువుతున్నారు? చదివాక ఏం చెయ్యాలి? ఈ మూడూ తేలేదాకా కీబోర్డు ముట్టుకోకండి,” అని వాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

అంతటివాడికి ఇంట్లోనే పని తగిలింది. అత్తయ్యకు ఊపిరితిత్తులు బలహీనపడ్డాయి, రోజూ కొన్ని గంటలు ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలన్నాడు డాక్టరు. ఆవిడేమో మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. కిటికీ పక్కన కుట్టుమిషన్, గోడకు వేలాడే యూనిఫారాలు, కొలతలివ్వడానికి వచ్చి కబుర్లలో పడి కొలతలివ్వడం మర్చిపోయే ఆడవాళ్లు. అదే ఆవిడ లోకం. ఆస్పత్రివాళ్లకు ఒక నియమం ఉంది. నర్సు ఇంటికొచ్చి చూస్తుంది. పక్కవాళ్లెవరూ నోరు విప్పకుండా, కాగితం చూసుకుంటూ పేషెంటు తనంతట తాను మిషన్ నడిపితే సరే. లేదంటే ఒంటరిగా ఉండటానికి వీల్లేదు, ఎవరింటికైనా మారాల్సిందే.

“ఊళ్లోవాళ్లందరికీ రాస్తారు, మా అమ్మకి రాసిపెట్టలేరా?” అంది భార్య.

రాయకేం, రాశాడు. పేజీలకు పేజీలు రాశాడు. ముందు పరిభాష, తర్వాత మిషన్ భాగాల వివరణ, ఆ తర్వాత హెచ్చరికలు. ఆ హెచ్చరికలకు అంతూ పొంతూ లేదు. అవన్నీ దాటుకుని పోతే, చిట్టచివర, మిషన్ ఎలా ఆన్ చెయ్యాలో ఉంది.

అతని ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. చిత్తుప్రతి పూర్తవగానే ఆ మిషన్ ముఖం ఎరగని మనిషినొకరిని పట్టుకొచ్చి కాగితం చేతికిస్తారు. రాసినవాడు పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవాలి. చదివే మనిషి తప్పుమీట నొక్కినా, తిట్టినా, కిక్కురుమనకూడదు. ఆదివారం అత్తయ్య ఇంట్లోనూ అతను అలాగే కూర్చున్నాడు.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టింది. పరిభాష దగ్గర ఆవులించింది. భాగాల దగ్గర “ఓరి నాయనో” అంది. హెచ్చరికలు మొదలయ్యేసరికి మిషన్ మీద ఆనించిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. ఒక్కొక్కటీ చదివేకొద్దీ కుర్చీ కూడా వెనక్కి జరిపింది. చివరికి కాగితాలు ఒళ్లో పెట్టుకుని అతనికేసి చూసింది.

“బాబూ, ఇది మిషనా, బాంబా?”

అతను వెనక కట్టుకున్న చేతులు ఇంకాస్త బిగించాడు.

“నీ నియమం గంగలో కలవ, నోరు తెరువు. ఇవన్నీ కంపెనీవాళ్లు రాసినవేనా?”

“దాదాపు అవేనండి.”

“దాదాపు అంటే?” ఆవిడ వేలితో ఒక వాక్యం చూపించింది. “‘ఒంటరిగా నివసించేవారు ఈ యంత్రాన్ని వాడకుండా ఉండటమే శ్రేయస్కరం.’ ఇది?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మెడ మీదికి పోయింది. కంపెనీ పుస్తకంలో ఆ మాట లేదు. రాసేటప్పుడు అదెలా వచ్చిందో అతనికే తెలియలేదు, వచ్చి కూర్చుంది. ఆ మాటకొస్తే సగం హెచ్చరికలు అలా వచ్చినవే.

“ఎవరో చదివి మిషన్ నడుపుతారని రాసింది కాదిది,” అంది అత్తయ్య. గొంతులో కోపం లేదు, అదే అతనికి ఇంకా కష్టమనిపించింది. “నన్ను మీ ఇంటికి తీసుకుపోవడానికి రాశావు. అవునా?”

“గది సర్దేశాం అత్తయ్యా,” అనేశాడు. “మీ కుట్టుమిషన్‌కి కిటికీ పక్కనే చోటుంది. కొత్త కర్టెన్లు కూడా కొన్నాం. మీరిక్కడ ఒక్కరే, ఊపిరందక... నాకు భయం వేస్తోంది అత్తయ్యా. మా అమ్మ పోయాక ‘తిన్నావా’ అని నన్ను అడిగింది మీరే కదా.”

ఆవిడ కాగితాలు ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. అతని తల మీద చెయ్యి వేసి జుట్టు చెరిపింది.

“పిచ్చి సన్నాసీ. నీ భయం నీ దగ్గర ఉంచుకో. నాకొచ్చి చెప్పు, వింటాను. కానీ నా కాగితంలో పెట్టకు. అది చదివితే మిషన్ మీద చెయ్యి వెయ్యబుద్ధి కావడం లేదు. నాలుగు రోజులు ఉండిపొమ్మంటే వస్తాను. నడపలేవు కనక రమ్మంటే రాను.”

మరి పాఠాలు చెప్పే పంతులుకు ఇంతకంటే ఏం పాఠం కావాలి? చదివేదెవరో అతను మర్చిపోయాడు. ఎందుకు రాస్తున్నాడో తనకు తానే దాచుకున్నాడు. సిగ్గేసింది. కొత్త కాగితం తీశాడు.

ఈసారి ఆవిడ చేతులు చూస్తూ రాశాడు. ఆవిడ మిషన్‌కి తగిలించే సీసాలో నీళ్లు పోస్తే, “కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పొయ్యాలి” అని రాశాడు. ఆవిడ మూత వంకరగా బిగిస్తే, “మూత తిన్నగా కూర్చుందో లేదో చూడాలి” అని కలిపాడు. హెచ్చరికల్లో ఒక్కటే మిగిల్చాడు, పొయ్యి దగ్గర మిషన్ వాడొద్దని. అది నిజంగా కావలసింది. కరెంటు పోయి మిషన్ కూత పెడితే ఏం చెయ్యాలో వచ్చేసరికి, గొట్టం పక్కనే అవసరానికి ఉంచిన చిన్న ఆక్సిజన్ సిలిండర్‌కి మార్చాలని రాసి, దాని కింద కంపెనీ నంబరు వేశాడు. ఆవిడ పెన్ను లాక్కుని ఆ నంబరు కొట్టేసి, “అల్లుడికి ఫోన్ చెయ్యాలి” అని రాసింది.

వాక్యం కుదిరిన ప్రతిసారీ అతనికి సంతోషమూ కలిగింది, దిగులూ వేసింది. కాగితం ఎంత బాగా వస్తే ఇంట్లో ఆ గది అంత ఖాళీ. అయినా కావాలని ఒక్క వాక్యం కూడా చెడగొట్టలేదు. మొత్తం ఒక్క పేజీలో తేలింది.

శుక్రవారం నర్సు వచ్చింది. గోడకు అంటించిన కాగితం చూసింది, అల్లుణ్ణి మూల కుర్చీలో కూర్చోబెట్టింది, “మీరు మాట్లాడకూడదు” అంది. అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అత్తయ్య నీళ్లు పోసింది, మూత బిగించింది, మీట నొక్కింది, మిషన్ మీది గాజుగొట్టంలో చిన్న బంతి డాక్టరు చెప్పిన అంకె దగ్గర నిలిచేదాకా మర తిప్పింది, గొట్టం ముక్కుకు పెట్టుకుంది. మిషన్ బుసబుసలాడింది.

అప్పుడు నర్సు, చెప్పాపెట్టకుండా, ప్లగ్గు పీకేసింది.

మిషన్ కీచుమని కూతపెట్టింది. అతను కుర్చీలోంచి సగం లేచి, నర్సు చూపుకు మళ్లీ కూలబడ్డాడు. అత్తయ్య వేళ్లు ఒక్క క్షణం గాల్లో తడబడ్డాయి. కాగితం చూసింది. గొట్టం తీసి సిలిండర్‌కి తగిలించింది, మర విప్పింది, రెండు ఊపిర్లు నిదానంగా పీల్చింది. మళ్లీ కాగితం చూసింది. టేబుల్ మీది ఫోన్ తీసి నొక్కింది.

అతని జేబులో మోగింది.

“ఇక్కడే ఉన్నారుగా అమ్మా,” అంది నర్సు నవ్వుతూ.

“రేపు ఉండడుగా,” అంది అత్తయ్య. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అతనికేసి చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. “ఎత్తు బాబూ.”

ఎత్తాడు. చెవికి ఆనించుకున్నాడు.

“బాబూ, మిషన్ ఆగింది. నేను సిలిండర్ పెట్టుకున్నాను, బాగానే ఉన్నాను,” అంది, ఎక్కడో దూరాన ఉన్నవాడితో మాట్లాడినట్టు, నెమ్మదిగా, ఒక్కో మాటా తేటగా. “నువ్వు కంగారుపడి పరుగెత్తకు. మెట్లు చూసుకుని రా.”

నర్సు తన కాగితం మీద సంతకం పెట్టేసింది. అతను ఇంకా ఫోన్ చెవికి నొక్కుకునే ఉన్నాడు.

“వస్తున్నా అత్తయ్యా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “మీరు ఎప్పుడు పిలిచినా వస్తాను.”