ముందు అంకెలు

గిన్నె అంచున పాలు సన్నగా వణుకుతున్నాయి. అతను స్టవ్ మీటకి రెండు వేళ్ళు ఆనించి, మీగడ కింద బుడగ లేచే చోటు మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. రోజూ పొద్దున ఐదింటికి ఇది అతని పని. బుడగ లేచింది. మంట తగ్గించాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

"మీరలా చూస్తుంటే పొంగడానికి పాలకి కూడా మొహమాటమే" అంది భార్య, గ్లాసులు తీస్తూ.

అతను నవ్వలేదు. ఆ మాట ఆమె ఇరవై తొమ్మిదేళ్ళుగా అంటూనే ఉంది. అతను సన్నటి మనిషి, యాభై ఏడేళ్ళు. ఎండలో నిలబడీ నిలబడీ మెడ వెనక చర్మం పగిలిన మట్టిలా గీతలు పడింది. ఎడమ మోకాలు తెల్లవారుజామున మాట వినదు. వారానికి ఆరు రోజులు నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు. శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఊరి ఫుట్‌బాల్ లీగుకి అబ్జర్వరు. అంటే, కొత్త రిఫరీలు మ్యాచ్ ఎలా ఆడిస్తున్నారో దూరంగా నిలబడి చూసి, మార్కులు వేసి, తప్పొప్పులు చెప్పే మనిషి.

హాల్లో మేనకోడలు దుప్పటి పరిచి నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. భార్య తమ్ముడి కూతురు. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం దొరికి నాలుగేళ్ళ కిందట ఈ ఇంటికొచ్చింది. మొదటి శనివారం ఇంట్లో ఏం తోచడం లేదంటే అతనే గ్రౌండుకి తీసుకెళ్ళాడు. ఏడాది తిరక్కుండా రిఫరీ పరీక్ష పాసైంది. లీగులో ఆడపిల్ల రిఫరీ ఆమె ఒక్కతే.

"ఇవాళ ఎర్ర చొక్కాలవాళ్ళ మ్యాచే కదటే?" అంది అత్త.

"అవునత్తయ్యా."

"ఆ మైకుగాడు వస్తాడా?"

"రెండు మ్యాచుల శిక్ష పోయిన వారంతో అయిపోయింది. వస్తాడు."

మైకు అంటే ఎర్ర చొక్కాల కోచ్. గ్రౌండులో అరిస్తే మూడు వీధుల అవతల కుక్కలు లేచి కూర్చుంటాయని ఆ పేరు పెట్టారు. నెల కిందట, పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల మ్యాచ్ మధ్యలో, గీత దాటి లోపలికొచ్చి మేనకోడల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె ఎర్ర కార్డు చూపించి బయటికి పంపింది. పోతూ పోతూ మైకు ఏమీ అనలేదు. అదే ఇంట్లో అందరికీ గుర్తుండిపోయింది.

భార్య గొంతు తగ్గించింది. "లీగు సెక్రటరీతో ఒక్క మాట చెప్పి వేరేవాళ్ళని పంపించమనరాదూ?"

"ఎవరు ఆడించాలో చెప్పడం అబ్జర్వరు పని కాదు."

"మీ పని ఏది కాదో చెప్తూనే ఉంటారు. ఏదవునో ఒక్కసారీ చెప్పరు."

మేనకోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చొక్కా చేతిని వేళ్ళతో సాపు చేస్తూ, గొడుగు తెస్తారా అని అడిగినంత తేలిగ్గా అడిగింది. "మావయ్యా, ఆట అయ్యాక షెడ్డు దాకా నాతో వస్తారా?"

"ముందు అంకెలు వేయాలిగా తల్లీ. పది నిమిషాలు. వేసేసి వచ్చేస్తా."

"సరే" అని ఆమె చొక్కా తిరగేసింది.

ముందు అంకెలు, తర్వాత మాటలు. అబ్జర్వర్లకి అది కాగితం మీద లేని కట్టుబాటు. చివరి విజిల్ పడగానే, ఎవరితోనూ పెదవి విప్పకుండా, ఉన్నచోటే నిలబడి మార్కులు వేసి సంతకం పెట్టాలి. మాట్లాడితే జాలి పుడుతుంది, లేదా కోపం పుడుతుంది, అంకె కదులుతుంది. అతను రిఫరీగా ఉన్న ఇరవై రెండేళ్ళలో ఒక అబ్జర్వరు ముందు కబుర్లాడి తర్వాత మార్కులు వేశాడు. ఎనిమిది రావలసింది ఆరైంది. పెద్ద లీగుకి వెళ్ళే దారి ఆ ఆరు దగ్గరే ఆగిపోయింది. తన చేతిలో అలాంటిది జరగకూడదనుకున్నాడు. పైగా ఇప్పుడు చూస్తున్నది సొంత మేనకోడల్ని. అయినవాళ్ళని చూడకూడదంటారు గానీ లీగులో మరో అబ్జర్వరు లేడు. అందుకని ఆమె విషయంలో కట్టుబాటుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

పంపుహౌసులో ఆ పూట అన్ని పూటల్లాగే గడిచింది. నేల అదురుతుంటుంది, గోడలు చెమ్మగా ఉంటాయి, నూనె వాసన. గంటకోసారి లేచి మూడు గేజీల ముళ్ళు చూసి పుస్తకంలో రాయాలి. వాల్వు తిప్పే పని మాత్రం మెకానిక్‌ది. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం రెండో ముల్లు ఎర్ర గీత వైపు జరగడం చూశాడు. రాశాడు. పావుగంట తర్వాత ఇంకా జరిగింది. మళ్ళీ రాశాడు. మెకానిక్ భోజనానికి వెళ్ళి ఉన్నాడు. గొట్టం పగిలి, అటుగా వెళ్తున్న హెల్పరు చెయ్యి మోచేతి దగ్గర్నుంచి పోయింది. విచారణలో అతని పుస్తకం చూసి, ఈయన తప్పేమీ లేదు, వేళకి రాశాడు అన్నారు. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు. హెల్పరు ఇప్పుడు పంపుహౌసు గేటు దగ్గర కాపలా కూర్చుంటాడు. రెండింటికి డ్యూటీ దిగి వెళ్తుంటే, ఉన్న చేత్తో నమస్కారం లాంటిది చేశాడు. అతను తలాడించి సైకిలెక్కాడు.

గ్రౌండు ఒక స్కూలు వెనక ఉంది. సున్నపు గీతలు సగం చెరిగిపోయాయి. గోలుపోస్టుల వలలకి ప్లాస్టిక్ తాళ్ళతో ముళ్ళు వేశారు. ఒక మూల రేకుల షెడ్డు. లోపల సిమెంటు బస్తాలు, విరిగిన బెంచీలు. రిఫరీలు బట్టలు మార్చుకునేదీ, నీళ్ళు తాగేదీ అందులోనే. అతను అలవాటు ప్రకారం షెడ్డుకి ఎదురుమూల, కార్నర్ జెండా దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి గ్రౌండంతా కనిపిస్తుంది.

మూడున్నరకి ఆట మొదలైంది. మేనకోడలు బాగా పరిగెత్తుతోంది. బంతికి మరీ దగ్గరగా కాదు, దూరంగానూ కాదు. జడ వీపు మీద సమంగా కొట్టుకుంటోంది. విజిల్ పొట్టిగా, గట్టిగా ఊదుతోంది. అవన్నీ అతను నేర్పినవే. పెన్సిలుతో రాసుకున్నాడు.

పదో నిమిషంలో అతనికి ఏదో లోటనిపించింది. కాసేపటికి తెలిసింది. మైకు అరవడం లేదు.

గీత బయట కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఐదారుగురు తండ్రులు. వాళ్ళూ అరవడం లేదు. ఎర్ర చొక్కాల గోల్‌కీపరు పిల్ల బంతి తన్నిన ప్రతిసారీ వాళ్ళవైపు తిరిగి చూస్తోంది. ఆమెను మెచ్చుకునేవాళ్ళూ లేరు, తిట్టేవాళ్ళూ లేరు.

మొదటి సగం చివర్లో ఒక తండ్రి లేచాడు. "ఏమ్మా రిఫరీ, కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ బంతి కనపడట్లేదా?"

చుట్టూ నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది. వెంటనే పెన్సిలు ఆగింది. ఆమె ఎక్కడ పనిచేస్తుందో వీళ్ళకి ఎవరు చెప్పారు?

"రోజూ షాపు ఎన్నింటికి మూస్తార్రా?" ఇంకో గొంతు అడిగింది.

"తొమ్మిదింటికి. ఆదివారం సెలవు. కనుక్కున్నాలే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనకోడలు విన్నది. ఒక్క అడుగు తడబడి, మళ్ళీ బంతి వెంట పోయింది. అతను రాశాడు: "బయటి మాటలు పట్టించుకోలేదు. మంచిది."

రెండో సగంలో మబ్బు కమ్మింది. చినుకు పడలేదు గానీ, గాలి ఆగిపోయి, పిల్లల అరుపులు గిన్నెలో పెట్టి మూసినట్టు వినిపించాయి. ఆట ఇంకో పది నిమిషాలుందనగా మైకు లేచాడు. కాళ్ళు సాగదీసుకునేవాడిలా గీత వెంబడి నడిచి, గోలు వెనక నుంచి షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తోశాడు. గడియ ఒకసారి వేసి, ఒకసారి తీసి చూశాడు. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

అతను అంతా చూశాడు. కాగితంలో దానికి గడి లేదు.

చివరి నిమిషంలో ఎర్ర చొక్కా పిల్ల ఒకతి, గోలు ముందు నీలం చొక్కా పిల్లని రెండు చేతులతో తోసేసింది. అనుమానమే లేదు. మేనకోడలు విజిల్ ఊది పెనాల్టీ చుక్క చూపించింది. నీలం వాళ్ళు గోలు కొట్టారు. ఒకటి, సున్న. ఎర్ర చొక్కాల వైపు నుంచి చిన్న చప్పుడైనా లేదు. బంతి మధ్యకి తెచ్చి తన్నించి ఆట ముగించింది.

పిల్లలు చేతులు కలుపుకుంటుండగా మేనకోడలు తలెత్తి, గ్రౌండంతా దాటి, అతని మూలకి చూసింది. అతను ఆ చూపు చూశాడు. తల వంచుకుని కాగితం తిప్పాడు.

నిర్ణయాలు, తొమ్మిది. పరుగు, ఎనిమిది. ఆటగాళ్ళతో మాటతీరు, ఎనిమిది. కంటి చివర నలుగురు మనుషులు గ్రౌండు అంచు వెంబడి నడుస్తున్నారు. ధైర్యం దగ్గర ఆలోచించాడు. తొమ్మిది వేస్తే అయినవాళ్ళకి వేసినట్టుంటుందా? ఎనిమిదిన్నర వేశాడు. మైకు కుర్చీ ఖాళీగా ఉంది. కింద ఆఖరి గడి: రిఫరీకి సహాయం అవసరమైందా? "లేదు" అని రాశాడు. సంతకం పెట్టాడు. తేదీ వేశాడు.

అప్పుడు నడిచాడు. మోకాలు నొప్పిగా ఉన్నా పెద్ద పెద్ద అంగలు వేశాడు. షెడ్డు ఇంకా పాతిక అడుగులుందనగా తలుపు తెరుచుకుంది. నలుగురు బయటికొచ్చారు. చివర మైకు. అతన్ని చూసి ఆగాడు.

"మీ అమ్మాయి బాగా ఆడించింది సార్" అన్నాడు. ఆ రోజంతట్లో మైకు నోట అతను విన్న మొదటి మాట అది. మృదువుగా, దాదాపు ప్రేమగా వచ్చింది.

లోపల మేనకోడలు సిమెంటు బస్తా మీద కూర్చుని ఉంది. జడ ఊడి ఒక పక్కకి పడిపోయి ఉంది. మెడ మీద ఎర్రగా గీత. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో చేతులన్నట్టు చూసుకుంటోంది.

ఏం జరిగింది అని అడగాలి. అతని నోరు తెరుచుకుంది. మూడేళ్ళుగా ప్రతి మ్యాచ్ తర్వాతా అడిగే మూడు ప్రశ్నల్లో మొదటిదే బయటికొచ్చింది.

"ఇవాళ నీకు ఏది బాగా కుదిరింది?"

ఆమె అతని మొహంలోకి చూసింది.

"పెనాల్టీ."

"ఏది మార్చుకుంటావు?"

"తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నా మావయ్యా. ఇంకెప్పుడూ కూర్చోను."

"నన్నేమైనా అడగాలా?"

"ఎంత వేశారు?"

కాగితం ఇచ్చాడు. ఆమె పైనుంచి కింద దాకా చదివింది. ఆఖరి గడి దగ్గర ఆగింది. మడత పెట్టకుండా తిరిగి ఇచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఐదున్నర దాటింది. భార్య తలుపు తీసి, ఆమె మెడ చూసి, గుమ్మంలోనే పట్టుకుంది.

"ఇదేంటే?"

"జడ పట్టుకున్నాడత్తయ్యా. చేతికి రెండు చుట్లు చుట్టుకుని. కొట్టలేదు, తిట్టలేదు. షాపు ఎప్పుడు మూస్తారో, నేను ఏ బస్సెక్కుతానో, ఏ మలుపు దగ్గర దిగుతానో, అన్నీ మెల్లిగా చెప్పాడు. మిగతావాళ్ళు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు."

"మరి మీ మావయ్యేడీ?"

"మార్కులు వేస్తున్నారు."

భార్య అతని వైపు చూడలేదు. చూసి ఉంటే అతను తట్టుకునేవాడేమో. ఆమె మేనకోడలి జడ విప్పి, చిక్కులు వేళ్ళతోనే తీయడం మొదలుపెట్టింది. గోడతో మాట్లాడినట్టు అంది. "ఏడింటికి సెక్రటరీ మనిషి వస్తాడు కాగితం కోసం. అందులో ఉంటేనే లీగువాళ్ళు వాణ్ణి గ్రౌండులోకి రానివ్వకుండా చేస్తారు. లేకపోతే ఏమీ జరగనట్టే. రాయండి."

"నేను చూడలేదు."

"ఏంటీ?"

"షెడ్డులో జరిగింది నేను చూడలేదు. అబ్జర్వరు చూసిందే రాయాలి. సంతకం కూడా అయిపోయింది."

"గడియ వేసి చూశాడన్నారు కదా దారిలో. అది చూశారుగా మావయ్యా?"

"అది ఆటలో భాగం కాదు."

మేనకోడలు తల నెమ్మదిగా అత్త చేతుల్లోంచి తప్పించుకుని, లేచి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. కొళాయి చాలాసేపు పారింది.

అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. కాగితం ముందు పెట్టుకుని రబ్బరు తీశాడు. రబ్బరు అంచు "లేదు" మీద ఆనించాడు. రెండక్షరాలు. ఒక్కసారి రుద్దితే పోతాయి. గడియ సంగతి రాయొచ్చు, షాపు గురించి విన్న మాటలు రాయొచ్చు, పది నిమిషాలు తను ఎక్కడున్నాడో కూడా రాయొచ్చు. అలా రాస్తే ఆ పది నిమిషాలు ఎప్పటికీ లీగు ఫైల్లో ఉంటాయి, తన పేరు కింద. ఎవరైనా చదువుతారు. హెల్పరు పోయిన చెయ్యి గుర్తొచ్చింది. వేళకి రాశాడు అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి కదల్లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. మేనకోడలు బట్టలు మార్చుకుంది. జడ వేసుకోలేదు, ముడి చుట్టుకుంది. భుజాన ఊరెళ్ళే సంచి. అతని భుజం మీంచి వంగి కాగితం చూసింది. ఆమె తల నుంచి తడి వాసన వచ్చింది. ఎంతసేపు చూసిందో అతనికి తెలియలేదు. రబ్బరు అక్కడే ఉంది. అక్షరాలూ అక్కడే ఉన్నాయి.

ఆమె నిటారుగా నిలబడింది. వంటింటి గుమ్మంలో అత్త చేయి చాపింది. మేనకోడలు దాని మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గేటు కూడా చప్పుడు చేయలేదు.

చాలాసేపటికి అతను లేచి మొహం కడుక్కుందామని వెళ్ళాడు. అద్దం కింద, సబ్బు పక్కన, ఆమె చేతి గడియారం ఉంది. రెండో సగం మొదలుపెడుతూ నొక్కింది, ఆట అయ్యాక ఆపాల్సింది. ఆపలేదు. రెండు గంటల నలభై ఒక్క నిమిషాలు, పదమూడు సెకన్లు. పద్నాలుగు. పదిహేను.