కిందనుంచి వినబడిన సకిలింపు

వసంతంలో ఉల్లంకి పిట్ట మొదటిసారి ఎటునుంచి వినబడితే దాన్నిబట్టి ఆ ఏడాది నడుస్తుందని ఆ లోయలో అందరికీ తెలుసు. నమ్మేవాళ్లు చెవులు రిక్కించి వింటారు. నమ్మమని మూతి తిప్పేవాళ్లూ వింటారు, కాకపోతే దొంగచాటుగా. ఆకాశంలోంచి దూకేటప్పుడు దాని తోక ఈకలు అచ్చం గుర్రం సకిలించినట్టు మోగుతాయి. తూర్పున వినబడితే సుఖం, నడినెత్తిన వినబడితే సిరి. కిందనుంచి వినబడితే ఆ ఇంట చావు. ఎగిరే పిట్ట కిందనుంచి ఎలా వినబడుతుందని స్టెయిన్‌వోర్ చిన్నప్పుడు అడిగి, నాయనమ్మ చేత మొట్టికాయ తింది.

ఈ ఏడు ఆమెకు అది కిందనుంచే వినబడింది. కొట్టం వెనక, తెల్ల ప్లాస్టిక్ తొడిగిన గడ్డి చుట్టను కత్తితో కోస్తుండగా, మోకాళ్ల దగ్గర సన్నగా ఓ సకిలింపు. గాలికి ప్లాస్టిక్ కొట్టుకుందిలే అని సర్దిచెప్పుకుంది. మే నెలలో ముంచుకొచ్చిన మంచు ఐస్‌లాండ్ ఉత్తరపు కొసనంతా కప్పేసింది, గాలి ఈలలు వేస్తూనే ఉంది. గాలి సకిలించదని ఆమెకు తెలియకపోలేదు.

నిజానికి ఆ చుట్ట తెరవకూడనిది. వాళ్ల పొలం మధ్యలో ఓ దిబ్బ ఉంది. దానిమీది గడ్డి, దిబ్బ లోపల కాపురముండే కనబడనివాళ్ల సొత్తని తాతల నాటినుంచీ ఎవరూ కోయరు. కోసినవాళ్ల కొట్టంలోంచి వాళ్లు ఓ పశువును తీసుకుపోతారంటారు. కిందటి వేసవిలో స్టెయిన్‌వోర్ తమ్ముడు బోద్వార్, ట్రాక్టర్‌ను దిబ్బ చుట్టూ తిప్పి తిప్పి విసుగెత్తి, నవ్వుకుంటూ దానిమీదుగా తోలేశాడు. ఆమె అతన్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ గడ్డిని విడిగా చుట్ట కట్టించి, అది ఏ నోటికీ పెట్టనని ఒట్టేసుకుంది. ఒట్లదేముంది, మేత ఉన్నన్నాళ్లూ బాగానే నిలబడతాయి. ఇప్పుడు పచ్చిక మంచు కింద ఉంది, కొట్టంలో మేత అడుగంటింది, గుర్రం మ్యోల్ నెలలు నిండి ఉంది. చుట్ట కోస్తే కమ్మటి వాసన వచ్చింది. మిగతా గుర్రాలకు ఊడ్చిందీ దులిపిందీ వేసి, ఇది మంచి గడ్డి అని మ్యోల్ ఒక్కదానికే పెట్టింది.

మ్యోల్ తెల్లటి ఆడగుర్రం, స్టెయిన్‌వోర్ చేతులమీద పుట్టింది. భర్త పోయాక ఆమె మాట్లాడే మాటల్లో సగం దానితోనే.

మర్నాడు పొద్దున చూస్తే మ్యోల్ తల వేలాడేసి నిలబడింది. నోట్లో గడ్డి పెట్టుకుని నమలడం మరిచిపోయినట్టుంది. స్టెయిన్‌వోర్ దాని డొక్కకు చెవి ఆనించింది. పేగుల గుడగుడ వినబడాల్సిన చోట ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి, ఎక్కడో లోతున, ఏదో సన్నగా మోగి ఆగింది. ఆమె చటుక్కున తల వెనక్కి లాక్కుని, కనుమకు అవతల ఉండే పశువుల డాక్టరు స్వాలాకు ఫోన్ చేసింది.

"చిగుళ్లు ఎలా ఉన్నాయి పిన్నీ?"

"గులాబీరంగులోనే ఉన్నాయి."

"పొర్లుతోందా? కాలితో నేల గీరుతోందా?"

"అలాంటివేం లేవు. ఊరికే నిలబడింది."

"వింతగా ఉందే. మేతేమైనా మార్చావా?"

కిటికీలోంచి దిబ్బ కనబడుతోంది. పొలమంతా తెల్లగా ఉంటే దానిమీద మాత్రం మంచు నిలవలేదు. స్వాలా వాళ్లమ్మది ఈ లోయే. దిబ్బ గడ్డి పెట్టానంటే సాయంత్రానికల్లా ప్రతి వంటింట్లోనూ ఇదే మాట. స్టెయిన్‌వోర్‌కు సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువగా భయమేసింది.

"లేదమ్మా. ఎప్పుడూ పెట్టేదే."

"అయితే కడుపు శూల అనుకుందాం. మేత తీసెయ్, మెల్లగా నడిపించు. దారి మూసుకుపోయింది. మంచు తోసే బండి వెనకాలే వచ్చేస్తా."

స్టెయిన్‌వోర్ కళ్లెం పట్టుకుని మ్యోల్‌ను కొట్టం చుట్టూ నడిపించింది. బోద్వార్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"అక్కా, దాని కాళ్లు చూడు. పీకలదాకా తాగినోడిలా తడబడుతోంది. డాక్టరుకు నిజం చెప్పు."

"నువ్వు మాట్లాడకురా. నువ్వు ఇకిలిస్తూ కోసిన రోజే అయిపోయింది."

"కోసింది నేనే. పెట్టిందెవరు?"

ఆమె ఉక్రోషంతో గుర్రాన్ని ఇంకో చుట్టు తిప్పింది. మ్యోల్ వణుకుతూ కూడా ఆమె వెంటే నడిచింది, అలవాటు కొద్దీ. నీళ్ల బకెట్ దగ్గర ఆగి మూతి ముంచితే, తాగిన నీళ్లు ముక్కులోంచి కారిపోయాయి. నాలుక పక్కకు జారి అలాగే వేలాడింది. తర్వాత ముందుకాళ్లు మడిచి కూలబడింది.

అప్పుడు స్టెయిన్‌వోర్ మళ్లీ ఫోన్ చేసి దిబ్బ సంగతి, చుట్ట సంగతి, అంతా చెప్పేసింది.

"ఇది శూల కాదు పిన్నీ. ఆ గడ్డిలో ఏదో చచ్చి మురిగింది. ఆ విషానికి ఒళ్లంతా చచ్చుబడిపోతుంది. దీన్ని నడిపించకూడదు, అడుగు కూడా వేయించకూడదు. పొద్దున్నే చెప్పి ఉంటే కదలనివ్వద్దనేదాన్ని, మందు తెప్పించేదాన్ని." ఆమె గొంతులో కోపం లేదు, అదే మరీ బాధగా ఉంది. "పక్కకు ఒరిగిపోకుండా ఆసరా పెట్టు. నోట్లో ఏమీ పోయకు. ఆ చుట్ట విప్పించి, లోపలేముందో చూడు."

బోద్వార్ వెళ్లి చుట్టను పరిచి వెతికాడు. తిరిగొచ్చేసరికి అతని చేతిలో పార, పార మీద మురిగిపోయిన ఉల్లంకి పిట్ట. రెక్కలు రెండూ పరిచే ఉన్నాయి. వాటికింద గుడ్ల పెంకులు అతుక్కుని ఉన్నాయి. అతని మొహంలో నవ్వన్నది లేదు.

"గూటిమీద కూర్చుందక్కా. ట్రాక్టర్ వస్తున్నా లేవలేదు."

అతను పారను గుమ్మం పక్కన నేలమీద పెట్టాడు. అంతలో మ్యోల్ ఉమ్మనీరు పోయింది. నొప్పులు వస్తున్నాయి గానీ ముక్కడానికి దానికి సత్తువ లేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ కాళ్లు గోడకు తన్నిపెట్టి పిల్లను లాగారు. పిల్ల బతికే ఉంది. తల్లిలాగే తెలుపు.

మ్యోల్ దాన్ని నాకాలని చూసింది. నాలుక కదల్లేదు. స్టెయిన్‌వోర్ ఆ వేలాడే నాలుకను తన అరచేతిలోకి తీసుకుని, తడిసిన పిల్ల మొహంమీద, మెడమీద మెల్లగా రాసింది. వాలిపోతున్న తల్లి కనురెప్పను బొటనవేలితో ఎత్తి పట్టుకుంది, చూసుకోనీ అని. "చూడవే, నీ బిడ్డే, చూడు," అంటూనే ఉంది. మ్యోల్ ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. రెప్పను అలాగే పట్టుకుని ఉంది.

పిల్ల తూలుతూ లేచి నిలబడింది. మెడ చాచి తల్లి కోసం సన్నగా సకిలించింది.

బదులు వచ్చింది. తల్లి నోట్లోంచి కాదు. గుమ్మం పక్కనుంచి, నేలమట్టంనుంచి, పార ఉన్న చోటునుంచి. బోద్వార్ గోడకు కరుచుకుపోయాడు.

పిల్ల చెవులు అటు తిరిగాయి. స్టెయిన్‌వోర్ పరుగున వెళ్లి దాని మెడ చుట్టూ చేతులు వేసి ఒడిసిపట్టుకుంది. అది తన్నుకుంటూ, చచ్చిపడిన తల్లిని దాటుకుని, ఆ సకిలింపు వైపే లాగసాగింది.