ఆమె వేలు చూపిన కొట్టు

మిల్లులో మూటలు మోసే పని పోయిన దగ్గర్నుంచి ఆమె మొగుడికి కోపం ముక్కు మీదే ఉండేది. యజమాని పాతవాళ్లను మానిపించి, సగం కూలికే వస్తారని పక్కవీధి వాళ్లను పెట్టుకున్నాడు. వాళ్లది వేరే జాతి, వేరే రంగు, వేరే మాట. యజమానిని పల్లెత్తు మాట అనలేని మగవాళ్లు ఆ వీధిని చూసి పళ్లు నూరేవారు. ఇంటికొచ్చి పెళ్లాలను బాదేవారు.

ఆ పొద్దున కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె వాచిన చెంప చూసి చుట్టుముట్టారు.

"ఎవరే కొట్టింది?"

మొగుడని చెప్పడానికి నోరు రాలేదు. "పక్కవీధి వాడెవడో చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకుంటే కొట్టాడు" అనేసింది. బిందె నిండేలోపే ఆ మాట వీధి దాటింది.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు జనం. కర్రలు, కిరసనాయిలు డబ్బాలు. అందరికంటే ముందు మొగుడు! ఆ చెంప ఎవరు వాయగొట్టారో అతనికి తెలియదా?

"ఎవడే వాడు? భయపడకు, చూపించు" అని అరుస్తూ ఆమె భుజం నొక్కిపట్టాడు. ఆ పట్టు ఆమెకు కొత్త కాదు.

ఆమె ఇస్త్రీ పని చేసేది. ఒకసారి చొక్కా కాలిపోతే పక్కవీధి దర్జీ ఎవరికీ తెలియకుండా రఫ్ఫు చేసిచ్చి, "పోనీలే అక్కా, ఏడవకు" అన్నాడు. ఆ వీధిలో ఆమెకు తెలిసిన ముఖం అదొక్కటే. ఆమె వేలు అతని కొట్టు వైపు లేచింది.

అతన్ని లోపలే ఉంచి, బయట గొళ్లెం పెట్టి నిప్పంటించారు. సాయంత్రానికి వీధి వీధంతా బూడిదైంది. మిగిలినవాళ్లు కట్టుబట్టలతో వెళ్లిపోయారు. యజమాని పాతవాళ్లను మళ్లీ పిలిచాడు, ఆ సగం కూలికే. ఒక్కడూ కిక్కురుమనలేదు.

విచారణకు అధికారి వచ్చిన రోజు దర్జీ భార్య పిల్లలతో వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"ఆయనెలాగూ తిరిగి రాడు. నీమీద చెయ్యి వెయ్యలేదని ఒక్క మాట చెప్పు వదినా. నా పిల్లలు తలెత్తుకు తిరుగుతారు."

నిజం గొంతుదాకా వచ్చింది. వెనక బెంచీ మీద మొగుడు దగ్గాడు.

"వేశాడు" అందామె.

దర్జీ భార్య పిల్లల చేతులు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. బయట ఆడవాళ్లు, "ఎంత ధైర్యమే తల్లీ నీది!" అని ఆమెను మెచ్చుకున్నారు. అవునన్నట్టు తలూపి, ఆమె మొగుడి వెనకే ఇంటికి నడిచింది.