మూడు రోజుల మర్యాద

ముస్ఫిర్ కాపలా కాసేది ఇసుకలో పాతిన ఒక ఇనప గొట్టానికి. చమురు కంపెనీ వాళ్ళు అక్కడ బావి తవ్వి, మూత బిగించి, మళ్ళీ వస్తామని పోయి రెండేళ్ళయింది. ఎత్తుకుపోవడానికి దొంగైనా రాలేదు. మశూచి ఏడాది పెళ్ళాం బిడ్డలు పోయారు. ఇక అతను మాట్లాడేది ఒంటెతోనే. అదీ ఈ మధ్య మొహం తిప్పుకుంటోంది.

ఒక పొద్దున ఇంగ్లీషు దొర కచేరీ నుంచి జాబిర్ అనే గుమాస్తా వచ్చాడు. ఒంటె దిగుతూనే సంచీలోంచి కాగితం తీశాడు.

"లోపల పెట్టవయ్యా. ఇంటికొచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని మూడు రోజులదాకా మనం అడగం, వాడూ చెప్పడు. పట్నం పోగానే మర్యాదలు మర్చిపోయావా?" అంటూ ముస్ఫిర్ కాఫీ గింజలు వేయించడానికి కూర్చున్నాడు.

మూడు రోజులూ ఖర్జూరాలు పెట్టాడు, కాఫీ పోశాడు, తాతలనాటి కొట్లాటలన్నీ చెప్పాడు. జాబిర్ కునికితే తట్టి లేపి మరీ చెప్పాడు.

నాలుగో రోజు జాబిర్ కాగితం విప్పాడు. "బావిలో చుక్క చమురు లేదట మామా. కంపెనీ ఎప్పుడో వదిలేసుకుంది. ఇంక నువ్వు వెళ్ళిపోవచ్చు."

"వాళ్ళు మూత బిగించిన రోజే తెలుసు."

"మరి రెండేళ్ళు ఎందుకు కూర్చున్నావు?"

"ఆ మాట చెప్పడానికైనా ఎవరో ఒకరు వస్తారు కదా అని."