గేటమ్మ ఓటు

రైలు గేటు హ్యాండిల్ సగం తిరిగేసరికి మోటారు సైకిలు ఒకటి దూసుకొచ్చింది. గేటమ్మ చెయ్యి ఆపలేదు. ఇనప కమ్మీ దిగుతూనే ఉంది. బండి మీదున్నవాడు తల వంచి కింద నుంచి జారిపోదామనుకున్నాడు. ఆమె ఒక్కసారి తలెత్తి చూసింది. వాడు బ్రేకు వేశాడు.

"ఓటెయ్యడానికి కూడా నీ పర్మిషన్ కావాలా గేటమ్మా?"

"ఓటు సాయంత్రం దాకా ఉంటుంది నాయనా. నువ్వు కూడా ఉండాలిగా."

చుట్టూ ఆగినవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వి ఇంజను ఆపేశాడు.

కమ్మీ కొక్కెంలో పడింది. గేటమ్మ తాళం వేసి, ఫోన్లో స్టేషనుకు చెప్పి, పచ్చ, ఎర్ర జెండాలు చంకలో పెట్టుకుని గది ముందుకొచ్చి నిలబడింది. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందకి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ హ్యాండిల్ తిప్పడం వల్ల వచ్చిన వంపది. రవిక కుట్టే ప్రతిసారీ ఆమె భర్త ఆ వైపు కాస్త గుడ్డ మడిచి సరిచేస్తాడు. అతను దర్జీ. భార్య భుజం కొలత టేపు లేకుండా తెలిసిన ఒకే ఒక్క దర్జీని తానేనని చెప్పుకుంటాడు.

గేటు పడిందంటే పళ్ళబండి వదినకు బేరం లేచినట్టే. ఆగిన కార్ల మధ్యకు బండి తోసుకుపోయి, కోసిన దోసకాయలూ బొప్పాయి ముక్కలూ అద్దాల్లోంచి అందిస్తుంది. ఉప్పూ కారం చల్లడంలో ఆమె చెయ్యి ఎంత జోరో నోరూ అంతే. ధర ఎక్కువన్నవాడికి, "రైలొచ్చేదాకా ఆలోచించుకో, నాకేం తొందర లేదు" అంటుంది. వదిన అని గేటమ్మ ఆమెను పిలుస్తుంది. ఆమె కూడా గేటమ్మను వదినే అంటుంది. ఏ చుట్టరికంతో అలా మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు.

రైలు కూత వినపడుతుండగానే, బడి సంచీ వీపున వేసుకున్న పిల్ల ఒకతి కమ్మీ కింద వంగి వచ్చేసింది. వెనకే ఆ పిల్ల నాయనమ్మ, మోకాలి మీద చెయ్యి వేసుకుని, నడుం పట్టుకుని, ఆమె కూడా వంగింది. అరిచినా ఆగరు. గేటమ్మ ఎర్రజెండా అడ్డం పెట్టి ఇద్దరినీ గది గోడకు ఆనించి నిలబెట్టింది. రైలు దుమ్ము లేపుకుంటూ పోయింది.

పట్టాలకు అవతల పేట. ఇవతల ఆస్పత్రి, బడి, బజారు. అవతలివాళ్ళు ఏ పనికైనా ఇటు రావాలి. పిల్ల వంగిన తీరే గేటమ్మకు గుచ్చుకుంది. అడుగు తడబడలేదు, మాట ఆపలేదు, సొంత గుమ్మంలోకి వెళ్తున్నట్టు తల దించింది. ఆ పేటలో పుట్టిన పిల్లలకు వంగడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ ఎన్నికల్లో గొడవంతా దీని గురించే. ఒక పార్టీ గేటు తీసేసి వంతెన కడతానంటోంది. ఇంకో పార్టీ వద్దంటోంది. వంతెన వస్తే రోడ్డు పైనుంచి పోతుంది, కింద ఉన్న దుకాణాల ముందు ఎవడూ ఆగడు, బతుకులు పోతాయంటోంది. అది అబద్ధమేమీ కాదు. గేటమ్మ కాంట్రాక్టు మనిషి. గేటు లేకపోతే ఆమె ఉద్యోగమూ లేదు. పళ్ళబండి వదినకు ఈ గేటే అంగడి.

గేటమ్మ అభిప్రాయాలన్నీ కట్టగట్టి ఏ ఒక్క పార్టీ సంచిలోనూ కుక్కడం కుదరదు. బడి పక్కన సారా దుకాణం మూయించాలన్న విషయంలో ఆమె గేటు పార్టీ వైపు. ఆడవాళ్ళు రాత్రి డ్యూటీ చెయ్యొచ్చా అన్న విషయంలో వంతెన పార్టీ వైపు. ఒకప్పుడు ఆమె రాత్రి డ్యూటీకి వెళ్తుంటే నోళ్ళు నొక్కుకున్నవాళ్ళే ఇప్పుడు కూతుళ్ళకు అలాంటి ఉద్యోగం ఇప్పించమని అడుగుతున్నారు. మిల్లు వెనక రేకుల షెడ్లలో ఉన్న పరాయి ఊరివాళ్ళకు కుళాయి వెయ్యాలా వద్దా అంటే, దాహానికి ఊరేమిటి అంటుంది. బడిలో చదువు ఏ భాషలో చెప్పాలన్న రగడలో మాత్రం ఇద్దరికీ ఎదురే. ముందు బడికి టీచరు రావాలి, ఆ తర్వాత ఏ భాషలో తిట్టాలో చూసుకుందాం అంటుంది.

ఇవన్నీ ఆమె భర్తతో తప్ప ఎవరితోనూ అనదు. బయట ఎవరేం చెప్పినా "ఆ" అంటుంది. అంతే.

ఆ "ఆ"యే కొంప ముంచింది. గేటు పార్టీలో తిరిగే ఇస్త్రీ బాబు, ఎంత ఎండలో తిరిగినా చొక్కా మడత నలగదు గనక ఆ పేరు, ఒకరోజు గది గుమ్మంలో నిలబడి, మీరు మావైపే కదా, మీ ఫొటో వేసుకోవచ్చు కదా అని అడిగాడు. అప్పుడామె ఫోన్లో స్టేషను మాస్టరుతో మాట్లాడుతోంది. "ఆ, ఆ, సరే" అంది. వారం తిరక్కుండా గోడల నిండా ఆమె బొమ్మ పడింది. చేతిలో జెండా, ఎండకు మూసుకుపోయిన కళ్ళు, కింద పెద్ద అక్షరాలు: గేటమ్మ కడుపు కొట్టొద్దు. భర్త దాన్ని అటూ ఇటూ తిరిగి చూసి, రవిక మాత్రం బాగా పడిందన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అతను ఇంకో మాట కూడా అన్నాడు. ఉద్యోగం పోతే మిషను మీద ఇద్దరం బతకొచ్చు, అది నాకొదిలెయ్, కానీ నీ వదినకు ఏం చెబుతావు? వదిన అప్పటికే ఎన్నోసార్లు అడిగింది, గేటుకే వేస్తావుగా అని. ప్రతిసారీ గేటమ్మ "ఆ" అంటూ వచ్చింది.

ఇవాళ పొద్దున రైలు పోయి గేటు లేచే వేళకు ఇస్త్రీ బాబు ఆటో దిగాడు. ఓటుకు ఆటో పంపిస్తానన్నాడు. నడుచుకుంటూ వెళ్తానంది గేటమ్మ. మీ ఓటు గురించి మాకు బెంగ లేదులెండి అన్నాడు. వదిన అతనికి బొప్పాయి ముక్క ఇచ్చి, గేటు పోకుండా చూడు బాబూ, లేకపోతే ఈ ముక్కలు నీ చొక్కాకే తుడుస్తానంది. అతను చొక్కా ముందుకు లాక్కుని ఆటో ఎక్కాడు.

మధ్యాహ్నం తన బదులు గేటు చూసే రిలీవరు వచ్చాక గేటమ్మ ఓటుకు బయల్దేరింది. బడిలోనే పోలింగు. వరసలో సగం మంది అవతలి పేటవాళ్ళు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి చూసి, "ఇక్కడ కూడా మమ్మల్ని ఆపేశావా తల్లీ?" అన్నాడు. వరసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే చూసింది, ఆ వరసలో అందరూ నిటారుగా నిలబడి ఉన్నారు. పేటవాళ్ళను కమ్మీ లేకుండా, తొందర లేకుండా, అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ముసలాయన ఇంత పొడుగని ఇవాళే తెలిసింది.

ఓటు యంత్రం ముందు అట్టల చాటున నిలబడింది. వదిన మొహం కళ్ళముందుకొచ్చింది. తనకు జ్వరమొచ్చి మూలిగిన రోజుల్లో వదిన బండి వదిలేసి ఇంటికొచ్చి గంజి కాచి పెట్టింది. అది తలుచుకుంటే వేలు గేటు వైపుకే పోవాలి. కానీ మోకాలి మీద చెయ్యేసుకుని వంగిన నాయనమ్మ కూడా ఆ అట్టల మధ్యే నిలబడి ఉంది. గేటమ్మ వంతెన మీట నొక్కింది. బయటికొచ్చి కుళాయి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగింది.

తిరిగొచ్చి గేటు వేసేసరికి గూడ్సు బండి ఆలస్యమని కబురొచ్చింది. బేరాలు ముగించుకుని వదిన గది మెట్టు మీద కూర్చుంది. పైట చెంగుతో మొహం తుడుచుకుని మామూలుగా అడిగింది.

"వేసొచ్చావా?"

"వేశాను. వంతెనకి వేశాను వదినా."

వదిన చేతిలో చెంగు అలాగే ఆగిపోయింది.

"మొన్న అడిగితే ఆ అన్నావు. అంతకుముందు అడిగినా ఆ అన్నావు."

"విన్నానని అన్నాను. చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

"అంటే ఇన్నేళ్ళూ నేను నీతో చెప్పుకున్నవన్నీ నువ్వు ఊరికే విన్నావన్నమాట." వదిన గొంతు పెంచలేదు. "గోడ మీద నీ బొమ్మ కింద రాశారు చూడు, కడుపు కొట్టొద్దని. నా బొమ్మ వేసి, గేటమ్మా నా కడుపు కొట్టొద్దని రాయాల్సింది."

గేటమ్మకు ఆ మాట తగిలింది. అయినా తల దించుకోలేదు. పొద్దున వచ్చిన పిల్ల గురించీ, నాయనమ్మ గురించీ చెప్పింది. "నేను అరుస్తూనే ఉంటాను, వాళ్ళు వంగుతూనే ఉంటారు. నా చేత్తో దించిన కమ్మీ కిందే. నాకిది ఇంకా చూడాలని లేదు. నా ఉద్యోగం పోతుందని నాకూ తెలుసు."

"నీకు మిషనుంది. మొగుడున్నాడు. నాకేముంది?"

అది నిజమేనంది గేటమ్మ. వదిన లేచి చెంగు దులుపుకుంది. పోలింగు ముగిసే వేళవుతోంది. మామూలుగా ఎక్కడికి వెళ్ళినా బండి చూస్తుండమని చెప్పి వెళ్తుంది. ఇవాళ చెప్పలేదు. బండి మీద గోనె కప్పి, తాడు బిగించి కట్టి, బడి వైపు నడిచింది.

గూడ్సు బండి వచ్చింది. పెట్టె వెనక పెట్టె, తెమిలేలా లేదు. గేటమ్మ జెండా పట్టుకుని నిలబడిందే గాని చూపు గోనె మీదే ఉంది. కుక్క ఒకటి పళ్ళబండి చుట్టూ తిరుగుతుంటే అదిలించింది. చెప్పకపోయినా చూడకుండా ఉండలేకపోయింది.

ఎండ మెత్తబడ్డాక వదిన వచ్చింది. వెళ్ళినప్పటి నడక కాదు. దూరం నుంచే చెయ్యి ఊపింది.

"నీ ఓటు కొట్టేసొచ్చాను. గేటుకు గుద్దాను గట్టిగా. ఇప్పుడు నువ్వూ నేనూ వెయ్యనట్టే."

గేటమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కాస్త కాస్త చేసింది. వదిన మళ్ళీ మెట్టు మీద కూర్చుని, వరసలో నిలబడి ఏం చూసిందో చెప్పుకొచ్చింది. బడి పక్కనే ఆస్పత్రి. ఆస్పత్రి ముందు రోగులను చూడ్డానికొచ్చినవాళ్ళు పొద్దస్తమానం నిలబడే ఉంటారు. కాస్త కోసిన పండు పెట్టే దిక్కు లేదు. వాళ్ళను ఆపడానికి ఏ గేటూ అక్కర్లేదు. ఓటు వేసి వస్తూ అక్కడి కాపలాదారుతో మాట్లాడేసింది. చెట్టు నీడన చోటిస్తానన్నాడట.

"ఎవరు గెలుస్తారో చూశాక వెళ్ళొచ్చుగా" అంది గేటమ్మ.

"ఇన్నేళ్ళూ గేటు ఎప్పుడు పడుతుందా అని కూర్చున్నాను. ఇప్పుడు ఎప్పుడు పోతుందా అని కూర్చోవాలా? నీ మీద కోపంతో కాదులే. అంటే, ఉంది. ఇంటికెళ్ళేదాకా ఉంటుంది."

"ఇక్కడ బేరం నీకు అలవాటు..."

"అవతలి పేటే కదా నాదీ. రోజూ బండి తోసుకుని పట్టాలు దాటుతున్నాను. మా మనవరాలు ఎలా వంగుతుందో నేను చూడలేదా ఏంటి? చూశాను. చూసి బేరం చేసుకున్నాను." వదిన గోనె విప్పి దోసకాయ ముక్క ఒకటి తీసి గేటమ్మ చేతిలో పెట్టింది. "వంతెనొస్తే నువ్వేం చేస్తావు?"

"దాని మీద నుంచి నడుచుకుంటూ నీ బండి దగ్గరికొస్తాను."

"డబ్బులు తెచ్చుకో. ఓటు వేరేవాళ్ళకేసినోళ్ళకి ఊరికే పెట్టను."

ఇంకో రైలు పోయి గేటు ఎత్తగానే ఆగిన వాహనాల మధ్య నుంచి వదిన బండి కదిలింది. కుడి చక్రం కీచుమంటూ, గోనె అంచులు ఊగుతూ, ఆస్పత్రి వైపు మలుపు తిరిగింది. వెనక్కి చూడలేదు. చూడాల్సినంత దూరమేమీ కాదు కూడా.

పొద్దు వాలుతుండగా మళ్ళీ గేటు పడింది. ముందు కారులోవాళ్ళు అద్దం దించి, అలవాటుగా పక్కకు చెయ్యి చాపారు. ముక్కలు అందించేవాళ్ళు లేరు. గేటమ్మ జెండా పట్టుకుని ఆ చోటు కేసి చూసింది. బండి జారకుండా చక్రం కింద పెట్టే సగం ఇటుక అక్కడే ఉండిపోయింది. చక్రం ఆనిన చోట నున్నగా గుంట పడి ఉంది, బొప్పాయి రసం ఇంకా ఆరలేదు, దాని చుట్టూ చీమలు చేరాయి.