బందులు బయటున్న తలుపు

ఆ తలుపు కోసం లెక్కల మాస్టారు మూడు వారాలు చెమటోడ్చాడు. రాతి కోట, దానికి ఇనప తలుపు, తలుపు మీద మూడు పొడుపుకథలు. మూడూ విప్పితేనే తెరుచుకుంటుంది. రాసిన తనకే రెండోసారి చదివితే గానీ అర్థం కానంత గట్టిగా రాసుకున్నాడు వాటిని.

వంటింటి బల్ల మీద కోట పటం, పాచికలు. కథ చెప్తూ ఆట నడిపే గేమ్ మాస్టరు ఈయన. ఆడేది కూతురూ, దాని మేనమామా. మేనమామ వడ్రంగి, ఆటలో మాత్రం మంత్రగాడు. కూతురు దొంగ.

అసలీ ఆట మొదలెట్టిందే కూతురి కోసం. నెల క్రితం పరీక్షలో ఆ పిల్ల ఒక లెక్క తన సొంత పద్ధతిలో చేసింది. జవాబు సరిగ్గానే వచ్చింది. తను చెప్పిన పద్ధతి కాదని మాస్టారు సున్నా చుట్టి, క్లాసందరికీ ఆ పేపరు చూపించాడు. ఆనాటి నుంచి ఇంట్లో ఆ పిల్ల "ఊఁ", "ఉహూఁ" తప్ప మాట్లాడటం లేదు. ఈ బల్ల దగ్గరే కాస్త నోరు విప్పుతోంది. ఈ కాస్తా పోతే ఇంకో దారి లేదని ఆయనకి తెలుసు.

తెలిసి ఏం లాభం? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

"మొదటి పొడుపుకథ..." అంటూ గొంతు సవరించుకున్నాడు.

"ఆగు నాన్నా. తలుపు బందులు ఇటువైపే ఉన్నాయిగా, నువ్వే గీశావు. సుత్తితో కింద నుంచి కొట్టి వాటి పిన్నులు లేపేస్తా. తలుపు మొత్తం ఊడొస్తుంది."

మేనమామ బల్ల చరిచాడు. "అదీ! నా షాపుకొచ్చి ఊరికే కూర్చుంటుందనుకున్నా!"

మాస్టారికి ఒళ్ళు మండింది. మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోయింది.

"కుదరదు. అవి మంత్రం వేసిన బందులు."

"నేను మంత్రగాణ్ణేగా బావా, ఆ మంత్రం విప్పేస్తా."

"నీ మంత్రం ఇనుము మీద పనిచెయ్యదు."

"పోయిన వారం ఇనప గొలుసు తెంచానే?"

"అది వేరే ఇనుము!"

వేరే ఇనుమట! అన్నాక ఆయనకే సిగ్గేసింది గానీ నోరు ఆగలేదు. గోడెక్కుతామంటే గోడ నున్నగా ఉందన్నాడు. సొరంగం తవ్వుతామంటే కింద బండ ఉందన్నాడు. ఎటు పోబోయినా మందని దొడ్లోకి తోలినట్టు తన పొడుపుకథల దగ్గరికే తోలుకొచ్చాడు.

కూతురు పాచికలు తీసి ఆయన ముందు పెట్టింది. మొహంలో కోపం కూడా లేదు. ఆయనకి భయం వేసింది దానికే.

"సరే నాన్నా. నువ్వు రాసిపెట్టుకున్న జవాబేదో చెప్పెయ్. అదే చేస్తాం."

మాస్టారు చేతిలో కాగితం చూసుకున్నాడు. కోపం ఇంకా దిగలేదు, కానీ అదిప్పుడు తన మీదే. ఛీ, ఏం మనిషిని నేను, అనుకున్నాడు.

"బందులు బయటే ఉన్నాయి," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా. "మంత్రం లేదు, ఏమీ లేదు. అబద్ధం చెప్పాను. కొట్టుకో."

"ఎంత పడాలి?"

"పాచికలు వెయ్యక్కర్లేదు. కాకపోతే సుత్తి చప్పుడు లోపలివాళ్ళకి వినబడుతుంది. ఎంతమందున్నారో నాకూ తెలీదు, అంతదాకా రాసుకోలేదు." కాగితం బల్ల మీద బోర్లించాడు. "నీ పద్ధతి సరైందే. ఆ రోజు కూడా సరైందే."

మేనమామ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పిల్ల తండ్రినే చూసింది.

"ఆ మాట క్లాసులో చెప్తావా?"

మాస్టారు పొడుపుకథల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు మొదటి పీరియడే," అన్నాడు.