ఎన్ని రోజుల కూలి

మా తాతయ్య ఏ వస్తువు ధరనూ డబ్బుల్లో అడగడు. "ఎన్ని రోజుల కూలి?" అంటాడు. ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చి మమ్మల్ని పెంచిన మనిషి. ఆయన సైకిలు నాలుగు నెలల కూలి. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో దాని చువ్వ చువ్వా తుడిచేవాడు. మమ్మల్ని గంట మోగించనిచ్చేవాడు గానీ తొక్కనిచ్చేవాడు కాదు. ఆ గుడ్డకుండే నూనె వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది.

నిన్న మా అబ్బాయికి సైకిలు కొని తెచ్చాను.

"ఎన్ని రోజులమ్మా?"

"రెండు రోజులు తాతయ్యా."

ఆయన ముక్కున వేలేసుకున్నాడు. "అందుకే వాడు అప్పుడే దాన్ని వానలో వదిలేశాడు."

నాకు ఒళ్ళు మండింది. "మేం చూసొచ్చిన రెండు గదుల ఇల్లు ఎన్ని రోజులో కూడా అడుగు."

"ఎన్ని?"

"పాతికేళ్ళు. తిండీ బట్టా మానేస్తే పన్నెండు."

మేం కూర్చున్న ఈ ఇంటిని ఆయన మూడేళ్ళ కూలితో కట్టాడు. ఆయన లేచి లోపలికి వెళ్ళి, సైకిలు పోయినా దాచుకున్న ఆ పాత గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇల్లు కొన్నాక రోజూ తుడుచుకోవాలమ్మా" అన్నాడు.